వలస నడిచిన దారులు

ఆలుగడ్డ పైరుకు సోకిన తెగులుతో 1845లో మొదలై 1852 దాకా సాగిన మహాక్షామంలో ఐర్లాండ్‌లో సుమారు పది లక్షల మంది చనిపోగా, అంతకు తగ్గని సంఖ్యలో జనం దేశం విడిచిపోయారు. ఆ వలసను ప్రభుత్వ దస్తావేజులు రేవు నుంచి లెక్కగడితే, పల్లె జ్ఞాపకం ఇంటి గడప నుంచి రేవు దాకా నడిచిన దారుల వెంట చెబుతుంది.

వాయవ్యాన డొనెగల్ ప్రాంతంలో, మకిష్ కొండ దగ్గర వాగు మీదున్న చిన్న రాతి వంతెనకు ‘కన్నీటి వంతెన’ అని పేరు. డెర్రీ రేవుకు కాలినడకన బయలుదేరిన వారిని అయినవాళ్లు అక్కడి దాకా సాగనంపి వెనుదిరిగేవారు. అంతకుముందు రాత్రి ఇంట్లో ‘అమెరికా జాగరణ’ జరిగేది. శవం దగ్గర ఇరుగుపొరుగు రాత్రంతా మేలుకొని ఉండే ఆచారాన్నే, మళ్లీ కంటికి కనబడతాడన్న ఆశ లేని బతికున్న మనిషి కోసం, పాటలతో, ఆటలతో, ఏడ్పులతో జరిపేవారు.

కరువు పనుల కింద వేసిన రోడ్ల కథ ఇంకా బాధాకరం. ఉచితంగా తిండి పెడితే జనం సోమరులవుతారని వాదించిన ప్రభుత్వం 1846-47 చలికాలంలో, పస్తులున్నవారి చేతనే కంకర కొట్టించి రోడ్లు వేయించింది. 1847 మార్చి నాటికి ఏడు లక్షల మందికి పైగా ఈ పనుల్లో ఉన్నారు. కూలి డబ్బు పెరిగిన ధాన్యం ధరలకు చాలేది కాదు, అదైనా చాలాచోట్ల వేళకు అందేది కాదు. పనులు ఆపేయడంతో కొన్ని రోడ్లు కొండవాలులోనే ఆగిపోయాయి. ఆనాటి పాలన నిర్దయకు వాటిని మించిన సాక్ష్యం అక్కర్లేదు.

1847లోనే రాస్‌కామన్ ప్రాంతపు స్ట్రోక్స్‌టౌన్ భూస్వామి, పేదల పోషణకు కట్టే పన్ను కంటే ఓడ ఖర్చే చవకని లెక్కవేసి, 1,490 మంది కౌలుదారులను సాగనంపాడు. వారు రాయల్ కాలువ గట్టు వెంట డబ్లిన్ దాకా సుమారు 165 కిలోమీటర్లు నడిచి, లివర్‌పూల్ మీదుగా కెనడా ఓడలెక్కారు. చాలామంది సముద్రం మీదా, గ్రోస్ ఐల్ క్వారంటైన్ దీవిలోనూ జ్వరాలకు బలయ్యారు.

ఇలాంటి జ్ఞాపకాలు చెరిగిపోకుండా కాపాడింది చాలావరకు బడిపిల్లలే. ఐరిష్ జానపద కమిషన్ 1937-39 మధ్య దాదాపు 5,000 బడుల పిల్లల చేత ఊరి పెద్దలను అడిగించి నోటుపుస్తకాల్లో రాయించింది. ఇచ్చిన అంశాల్లో స్థానిక రోడ్లు, కరువు కాలం కూడా ఉన్నాయి. ఆ రాతప్రతులు ఇప్పుడు యూనివర్సిటీ కాలేజ్ డబ్లిన్‌లోని జాతీయ జానపద భాండాగారంలో ఉన్నాయి. ఇంటర్నెట్‌లో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు.