బర్కిట్ లింఫోమా

బర్కిట్ లింఫోమా శోషరస వ్యవస్థకు వచ్చే ఒక అరుదైన క్యాన్సర్. ఇది తెల్ల రక్తకణాలలో ఒక రకమైన బి-కణాల నుండి పుడుతుంది. ఇది నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమాల కోవకు చెందినది. మానవులకు వచ్చే క్యాన్సర్లలో అత్యంత వేగంగా పెరిగేవాటిలో ఇదొకటి. దీని కణితి ఒకటి రెండు రోజులలోనే రెట్టింపు కాగలదు. అయినప్పటికీ సకాలంలో గుర్తించి తగిన చికిత్స చేస్తే పూర్తిగా నయమయ్యే అవకాశం ఎక్కువగా ఉన్న క్యాన్సర్లలో కూడా ఇదొకటి.

ఈ వ్యాధిని సంప్రదాయంగా మూడు రకాలుగా విభజిస్తారు. అవి స్థానిక రకం, చెదురుమదురు రకం, రోగనిరోధక లోపంతో ముడిపడిన రకం. సూక్ష్మదర్శినిలో చూస్తే ఈ మూడు రకాల కణాలు ఒకేలా కనిపిస్తాయి. వ్యాధి వచ్చే ప్రాంతం, రోగి వయస్సు, కణితి మొదలయ్యే అవయవం, ఎప్‌స్టీన్-బార్ వైరస్‌తో సంబంధం అనే విషయాలలో మాత్రం వీటి మధ్య స్పష్టమైన తేడాలున్నాయి.

చరిత్ర

ఈ వ్యాధికి డెనిస్ పార్సన్స్ బర్కిట్ (1911-1993) అనే శస్త్రవైద్యుని పేరు పెట్టారు. ఇతడు ఐర్లండులోని ఎన్నిస్కిలెన్‌లో జన్మించాడు. బాల్యంలో జరిగిన ప్రమాదంలో ఒక కన్ను కోల్పోయాడు. ఉగాండా రాజధాని కంపాలాలోని ములాగో ఆసుపత్రిలో పనిచేస్తున్నపుడు, 1957లో దవడకు రెండు వైపులా, పైనా క్రిందా వాపులున్న ఒక బాలుడిని పరీక్షించాడు. అటువంటి మరికొందరు పిల్లలను చూసిన తరువాత, ఇవన్నీ ఒకే వ్యాధి అని గుర్తించి 1958లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ సర్జరీలో ప్రకటించాడు. అప్పట్లో దీనిని సార్కోమా అనుకున్నారు. ఇది లింఫోమా అని ఆ తరువాత జరిగిన కణజాల పరీక్షలలో తేలింది.

వ్యాధి ఏ ప్రాంతాలలో వస్తున్నదో తెలుసుకోవడానికి బర్కిట్ 1961లో ఇద్దరు సహచర వైద్యులతో కలిసి కారులో తూర్పు, దక్షిణ ఆఫ్రికా దేశాలలో సుమారు 10,000 మైళ్ళు ప్రయాణించి అనేక ఆసుపత్రులను సందర్శించాడు. భూమధ్యరేఖకు ఇరువైపులా ఒక పట్టీ వలె విస్తరించిన ప్రాంతంలోనే ఈ వ్యాధి ఎక్కువగా ఉన్నదని ఈ యాత్ర వలన తెలిసింది. ఎత్తైన చల్లని ప్రదేశాలలోనూ, వర్షపాతం తక్కువగా ఉన్న ప్రదేశాలలోనూ ఇది దాదాపుగా కనిపించలేదు. దోమలు పెరిగే ప్రాంతాలకు, ఈ వ్యాధికి ఏదో సంబంధం ఉన్నదన్న ఆలోచన ఇక్కడి నుండే మొదలైంది.

బర్కిట్ 1961లో లండనులోని మిడిల్‌సెక్స్ ఆసుపత్రిలో ఇచ్చిన ఉపన్యాసానికి ఆంథొనీ ఎప్‌స్టీన్ అనే శాస్త్రవేత్త హాజరయ్యాడు. ఈ కణితికి కారణం వైరస్ కావచ్చునని భావించి, ఉగాండా నుండి కణితి ముక్కలను తెప్పించుకుని పరిశోధించాడు. ఎప్‌స్టీన్, బర్ట్ అచాంగ్, వైవోన్ బార్ కలిసి ఆ కణాలలో ఒక కొత్త వైరస్‌ను ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో చూసి 1964లో ప్రకటించారు. దీనికే ఎప్‌స్టీన్-బార్ వైరస్ అని పేరు వచ్చింది. మానవులలో క్యాన్సర్‌తో సంబంధం ఉన్నట్లు గుర్తించిన మొదటి వైరస్ ఇదే.

వ్యాధి పుట్టుక

మూడు రకాలకూ మూలంలో ఉన్న మార్పు ఒక్కటే. 8వ క్రోమోజోముపై మిక్ అనే జన్యువు ఉంటుంది. కణం పెరగాలి, విభజన చెందాలి అనే ఆదేశాన్నిచ్చే జన్యువులలో ఇది ముఖ్యమైనది. బి-కణాలు ప్రతిరక్షకాలను తయారుచేసే కణాలు కాబట్టి, వాటిలో ప్రతిరక్షక జన్యువులు ఎల్లప్పుడూ చురుకుగా ఉంటాయి. 8వ క్రోమోజోము విరిగి, మిక్ జన్యువు ప్రతిరక్షక జన్యువు ప్రక్కకు చేరినపుడు, అది కూడా ఆగకుండా పనిచేయడం మొదలుపెడుతుంది. దానితో కణ విభజనకు అదుపు ఉండదు. ఇలా క్రోమోజోముల ముక్కలు ఒకదాని స్థానంలోకి మరొకటి చేరడాన్ని స్థానాంతరణ అంటారు.

సుమారు 80 శాతం రోగులలో ఈ స్థానాంతరణ 8, 14 క్రోమోజోముల మధ్య జరుగుతుంది. మిగిలినవారిలో 8వ క్రోమోజోము 2వ క్రోమోజోముతో గాని, 22వ క్రోమోజోముతో గాని ముక్కలను మార్చుకుంటుంది. ఈ మూడు క్రోమోజోములపైనా ప్రతిరక్షక జన్యువులే ఉండడం గమనార్హం. 14వ క్రోమోజోములోని మార్పును 1972లో మొదటిసారి గమనించారు. 8, 14 క్రోమోజోముల మధ్య స్థానాంతరణ జరుగుతున్నదని 1976లోనూ, అందులో పాలుపంచుకునేది మిక్ జన్యువేనని 1982లోనూ తెలిసింది.

రకాలు

స్థానిక రకం

దీనిని వైద్యులు ఎండెమిక్ రకం అంటారు. ఇది భూమధ్యరేఖ ప్రాంతపు ఆఫ్రికాలోనూ, పాపువా న్యూగినియాలోనూ ఎక్కువగా వస్తుంది. ఆ ఆఫ్రికా ప్రాంతంలో పిల్లలకు వచ్చే క్యాన్సర్లలో ఇది ముఖ్యమైనది. 4 నుండి 7 ఏళ్ళ పిల్లలలో ఎక్కువగానూ, ఆడపిల్లల కంటే మగపిల్లలలో సుమారు రెండింతలుగానూ కనిపిస్తుంది. కణితి తరచుగా దవడ ఎముకలలో గాని, ముఖంలోని ఇతర ఎముకలలో గాని మొదలవుతుంది. పళ్ళు కదలడం, ఊడిపోవడం, కన్ను ముందుకు పొడుచుకు రావడం దీని తొలి గుర్తులు. మూత్రపిండాలు, అండాశయాలు, ఉదరంలోని ఇతర భాగాలు కూడా వ్యాధికి లోనవుతాయి.

ఈ రకంలో దాదాపు అన్ని కణితులలోనూ, అంటే 95 శాతానికి పైగా, ఎప్‌స్టీన్-బార్ వైరస్ ఉంటుంది. అయితే ఈ వైరస్ ఒక్కటే వ్యాధికి కారణమని చెప్పలేము. ప్రపంచంలో పెద్దవారిలో నూటికి 90 మందికి పైగా ఈ వైరస్ సోకి ఉంటుంది. అది లాలాజలం ద్వారా వ్యాపించి, చాలామందిలో ఏ హానీ చేయకుండా జీవితాంతం ఉండిపోతుంది. ఈ వైరస్ పసితనంలోనే సోకిన పిల్లలకు ఫాల్సిపరం మలేరియా పదే పదే రావడం వలన ఈ రకం లింఫోమా వస్తున్నదని భావిస్తున్నారు. మలేరియా వలన బి-కణాలు నిరంతరం ప్రేరేపించబడి విభజన చెందుతాయి. వైరస్ సోకిన కణాలను అదుపుచేసే టి-కణాల శక్తి తగ్గుతుంది. బి-కణాలు విభజన చెందే కొద్దీ క్రోమోజోములు విరిగే అవకాశం కూడా పెరుగుతుంది.

చెదురుమదురు రకం

దీనిని స్పొరాడిక్ రకం అంటారు. ఇది ఏ ఒక్క ప్రాంతానికీ పరిమితం కాకుండా ప్రపంచమంతటా అక్కడక్కడా వస్తుంది. ఐరోపా, ఉత్తర అమెరికా దేశాలలో పెద్దవారి లింఫోమాలలో దీని వాటా 1 నుండి 2 శాతం మాత్రమే. పిల్లల నాన్-హాడ్జ్‌కిన్ లింఫోమాలలో మాత్రం సుమారు మూడవ వంతు నుండి సగం వరకు ఇదే. భారతదేశంలో కనిపించేది కూడా ప్రధానంగా ఈ రకమే.

ఇందులో దవడ వాపు అరుదు. చిన్నప్రేగు, పెద్దప్రేగు కలిసే చోట కణితి ఎక్కువగా మొదలవుతుంది. కడుపు నొప్పి, కడుపు ఉబ్బరం, వాంతులు, ప్రేగులో అడ్డు ఏర్పడడం, ఒక ప్రేగు భాగం మరొక భాగంలోకి చొచ్చుకుపోవడం వంటి ఇబ్బందులతో రోగి వైద్యుని వద్దకు వస్తాడు. ఈ నొప్పి కుడివైపు దిగువ భాగంలో ఉండడం వలన అపెండిసైటిస్ అని పొరబడే అవకాశముంది. ఎప్‌స్టీన్-బార్ వైరస్ సుమారు 20 నుండి 30 శాతం రోగుల కణితులలో మాత్రమే కనిపిస్తుంది.

రోగనిరోధక లోపంతో ముడిపడిన రకం

ఇది ముఖ్యంగా హెచ్.ఐ.వి. సోకినవారిలో వస్తుంది. అవయవ మార్పిడి తరువాత రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారిలో కూడా అరుదుగా వస్తుంది. హెచ్.ఐ.వి. సోకినవారికి వచ్చే ఇతర లింఫోమాలు చాలావరకు రోగనిరోధక శక్తి బాగా క్షీణించిన తరువాత వస్తాయి. బర్కిట్ లింఫోమా మాత్రం సిడి4 కణాల సంఖ్య ఇంకా 200కు పైగా ఉన్నపుడు కూడా రావచ్చు. శోషరస గ్రంథులు, మూలుగ, జీర్ణవ్యవస్థ, మెదడు పొరలు వ్యాధికి లోనవుతాయి. ఎప్‌స్టీన్-బార్ వైరస్ సుమారు 25 నుండి 40 శాతం రోగుల కణితులలో ఉంటుంది.

రకాల మధ్య తేడాలు

- ప్రాంతం: స్థానిక రకం మలేరియా తీవ్రంగా ఉండే ఉష్ణ ప్రాంతాలలో, చెదురుమదురు రకం ప్రపంచమంతటా, మూడవ రకం రోగనిరోధక శక్తి లోపించినవారిలో వస్తుంది.
- వయస్సు: మొదటిది ప్రధానంగా చిన్నపిల్లలలో, రెండవది పిల్లలు, యువకులలో, మూడవది ఎక్కువగా పెద్దవారిలో కనిపిస్తుంది.
- మొదలయ్యే చోటు: మొదటిదానిలో దవడ, ముఖపు ఎముకలు, రెండవదానిలో ఉదరం, మూడవదానిలో శోషరస గ్రంథులు, మూలుగ.
- మూలుగకు వ్యాపించడం: మొదటిదానిలో తక్కువ, మిగిలిన రెండింటిలో ఎక్కువ.
- ఎప్‌స్టీన్-బార్ వైరస్: మొదటిదానిలో దాదాపు అందరిలో, మిగిలిన రెండింటిలో కొందరిలో మాత్రమే ఉంటుంది.
- క్రోమోజోము విరిగే చోటు: మొదటిదానిలో 8వ క్రోమోజోము మిక్ జన్యువుకు దూరంగా విరుగుతుంది. రెండవ, మూడవ రకాలలో ఆ జన్యువుకు దగ్గరగా గాని, జన్యువు లోపలే గాని విరుగుతుంది.

వర్గీకరణలో మార్పు

మూడు రకాల విభజన వ్యాధి వచ్చే పరిస్థితులపై ఆధారపడినది. అయితే కణితి జన్యువులను పరిశీలించినపుడు, ప్రాంతం కంటే వైరస్ ఉండడం, లేకపోవడం ముఖ్యమైన తేడాగా కనిపించింది. వైరస్ లేని కణితులలో టిసిఎఫ్3, ఐడి3 వంటి జన్యువులలో ఉత్పరివర్తనాలు ఎక్కువగా ఉంటాయి. వైరస్ ఉన్న కణితులలో ఇవి తక్కువ. అందువలన ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన ఐదవ వర్గీకరణలో, వ్యాధి ఎక్కడ వచ్చినప్పటికీ, దానిని వైరస్ ఉన్నది, వైరస్ లేనిది అని రెండుగా గుర్తించాలని సూచించారు. పాత మూడు పేర్లు వ్యాధి వ్యాప్తిని వివరించడానికి ఇప్పటికీ ఉపయోగపడుతున్నాయి.

బర్కిట్ లింఫోమాను పోలి ఉండి, మిక్ స్థానాంతరణ లేకుండా 11వ క్రోమోజోములో మార్పులున్న మరొక వ్యాధి కూడా ఉంది. దీనిని ఇప్పుడు వేరే లింఫోమాగా పరిగణిస్తున్నారు.

నిర్ధారణ

కణితి నుండి ముక్క తీసి పరీక్షించడం ద్వారా వ్యాధిని నిర్ధారిస్తారు. సూక్ష్మదర్శినిలో దగ్గరదగ్గరగా పేర్చినట్లున్న ముదురు నీలిరంగు కణాలు, వాటి మధ్య అక్కడక్కడా లేత రంగు కణాలు కనిపిస్తాయి. ముదురు కణాలు క్యాన్సర్ కణాలు. లేత కణాలు చనిపోయిన కణాలను మింగే భక్షక కణాలు. ఈ దృశ్యం చుక్కలున్న రాత్రి ఆకాశాన్ని పోలి ఉండడం వలన దీనిని నక్షత్రాల ఆకాశం అని వ్యవహరిస్తారు.

కణాలపై సిడి20, సిడి10, బిసిఎల్6 అనే గుర్తులుంటాయి. బిసిఎల్2 సాధారణంగా ఉండదు. విభజన చెందుతున్న కణాల శాతాన్ని తెలిపే కెఐ-67 పరీక్షలో ఫలితం దాదాపు 100 శాతం ఉంటుంది. మిక్ స్థానాంతరణను ఫిష్ పరీక్ష ద్వారా చూస్తారు. వీటితోపాటు మూలుగ, వెన్నుపాము ద్రవం పరీక్షించి, స్కానింగు చేసి వ్యాధి ఎంతవరకు వ్యాపించిందో తెలుసుకుంటారు. మూలుగలో నాలుగవ వంతుకు మించి క్యాన్సర్ కణాలున్నపుడు దానిని బర్కిట్ లుకేమియా అంటారు.

చికిత్స

కణాలు వేగంగా విభజన చెందుతూ ఉండడం వలన ఈ వ్యాధి మందులకు బాగా లొంగుతుంది. కీమోథెరపీయే ప్రధాన చికిత్స. సైక్లోఫాస్ఫమైడ్, విన్‌క్రిస్టిన్, డాక్సోరుబిసిన్, మెథోట్రెక్సేట్, సైటరాబిన్ వంటి మందులను కలిపి, తక్కువ కాలంలో తీవ్రమైన మోతాదులో ఇస్తారు. ఇతర లింఫోమాలకు వాడే చాప్ చికిత్స దీనికి సరిపోదు. మెదడు పొరలకు వ్యాపించకుండా వెన్నుపాము ద్రవంలోకి కూడా మందులు ఎక్కిస్తారు. శస్త్రచికిత్స పాత్ర పరిమితం. సిడి20పై పనిచేసే రిటుక్సిమాబ్‌ను కూడా చేర్చడం వలన ఫలితాలు మెరుగయ్యాయి. వ్యాధి ముదిరిన పిల్లలపై జరిగి 2020లో ప్రచురితమైన ఒక అంతర్జాతీయ పరిశోధనలో, మూడేళ్ళ తరువాత వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు కీమోథెరపీ మాత్రమే తీసుకున్నవారిలో 82.3 శాతం కాగా, రిటుక్సిమాబ్ కూడా తీసుకున్నవారిలో 93.9 శాతం.

పైన పేర్కొన్న మందులలో మెథోట్రెక్సేట్‌కు తెలుగువారితో సంబంధం ఉంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895-1948) పరిశోధనలకు నాయకత్వం వహించిన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో 1940లలో ఈ కోవకు చెందిన మందులు రూపుదిద్దుకున్నాయి. 1960లలో ఆఫ్రికాలో బర్కిట్ వాడి చూసిన తొలి మందులలో మెథోట్రెక్సేట్ ఒకటి.

చికిత్స మొదటి రోజులు ప్రమాదకరమైనవి. ఒకేసారి లెక్కలేనన్ని క్యాన్సర్ కణాలు చనిపోయి, వాటిలోని పొటాషియం, ఫాస్ఫేటు రక్తంలోకి చేరతాయి. యూరిక్ ఆమ్లం పెరుగుతుంది. దీని వలన మూత్రపిండాలు పనిచేయడం మానివేయవచ్చు, గుండె లయ తప్పవచ్చు. దీనిని నివారించడానికి సెలైను ఎక్కువగా ఎక్కించి, అల్లోప్యూరినాల్ గాని రాస్‌బురికేస్ గాని ఇస్తారు.

ఫలితాలు

సంపన్న దేశాలలో ఈ వ్యాధి వచ్చిన పిల్లలలో సుమారు 90 శాతం మంది కోలుకుంటున్నారు. పెద్ద వయస్సువారిలోనూ, మెదడుకు వ్యాపించినవారిలోనూ ఫలితాలు ఇంత బాగుండవు. వ్యాధి తిరగబెడితే నయం చేయడం కష్టం. వ్యాధి ఎక్కువగా ఉన్న ఆఫ్రికా దేశాలలో కోలుకునేవారి శాతం దీనికంటే చాలా తక్కువ. పిల్లలను ఆలస్యంగా ఆసుపత్రికి తేవడం, ముక్క పరీక్ష చేసే సదుపాయాలు లేకపోవడం, తీవ్ర మోతాదు మందుల తరువాత వచ్చే అంటురోగాలను ఎదుర్కొనే వసతులు కొరవడడం, చికిత్సను మధ్యలో మానివేయడం ఇందుకు ముఖ్య కారణాలు. రోజుల వ్యవధిలో పెరిగే కణితి కనుక, నిర్ధారణలో జరిగే కొద్దిపాటి ఆలస్యం కూడా రోగి ప్రాణం మీదికి తెస్తుంది.

ఇవి కూడా చూడండి

- లింఫోమా
- ఎప్‌స్టీన్-బార్ వైరస్
- మలేరియా
- యల్లాప్రగడ సుబ్బారావు