ముప్ఫై అయిదు మార్కుల బ్రేకు

కృష్ణ వంతెన దాటి, బీచుపల్లి ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని ముందుకొచ్చిన లారీలు ఎర్రవల్లి చౌరస్తాలో ఆగేవి. అక్కడి ఓ షెడ్డులో రెండు వేసవి సెలవులు నేను పానాలందించాను. ఆ షెడ్డులో పరీక్షల్లేవు గానీ తరగతులు మాత్రం ఉండేవి. చేరిన పోరగాడు మొదటి ఏడంతా డీజిల్లో సామాన్లు కడగాలి. లారీ కింద పడుకున్న ఉస్తాద్ “పన్నెండు-పదమూడు ఇటియ్” అంటే, వెతుక్కోకుండా చేతికందినప్పుడు రెండో తరగతి. చక్రం విప్పనిచ్చిన రోజు మూడోది. ఇంజను మీద చెయ్యి వేయనిచ్చారంటే ఇక ఆ పిల్లవాడికి పెళ్లిసంబంధాలు కూడా వచ్చేవి. నేను రెండో తరగతిలోనే ఉండగా పాలిటెక్నిక్‌లో సీటొచ్చి వెళ్లిపోయాను.

ఇప్పుడుండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ శివార్లలో. మావాడు హైస్కూల్లో పదకొండో తరగతి. రోజూ సగం పూట మామూలు బడి, మిగతా సగం ఆటో షాపు. ఇక్కడి బళ్లలో ఇదీ ఒక సబ్జెక్టే. లిఫ్టులు, టైర్లు మార్చే మిషన్లు, ఇరుగుపొరుగు వాళ్లు తెచ్చిచ్చే నిజం కార్లు అన్నీ ఉంటాయి. మన తెలుగువాళ్ల విందులో ఈ మాట చెబితే ఒకాయన ప్లేటు పక్కన పెట్టి, “ఏం, లెక్కల్లో వెనకబడ్డాడా?” అని మెల్లగా అడిగాడు. ఆ ప్రశ్నకు నూరేళ్ల పైబడిన వయసుందని అప్పటికి నాకు తెలియదు.

నన్ను కుదిపింది మాత్రం మార్కుల కాగితం. అందులో మూడు భాగాలు. రాతపరీక్షకు కొంత, చేసిన పనికి కొంత. మూడోది వేళకు వచ్చాడా, కళ్లద్దాలు పెట్టుకున్నాడా, తీసిన పానా తీసినచోట పెట్టాడా, నేల తుడిచాడా అని. ఈ మూడోదానికి దాదాపు మూడోవంతు మార్కులు! నేల తుడిస్తే మార్కులేమిటని నాకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే ఈ దేశపు పాత సంగతులు తవ్వడం మొదలుపెట్టాను.

తవ్వితే మా ఇంటికి దగ్గర్లోనే తేలింది. 1916లో హెన్రీ ఫోర్డ్ ఆరుగురు పిల్లలతో, ఒక్క మాష్టారుతో ఒక బడి పెట్టాడు. పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల మగపిల్లలకు అది. ఒక వారం తరగతి గది, రెండు వారాలు షాపు. పిల్లలు చేసిన వస్తువులను ఫ్యాక్టరీయే కొనేది కాబట్టి, చేసి పారేసే పని ఉండేది కాదు. చదువుకున్నందుకు ఎదురు డబ్బిచ్చేవారు, ఏడాదికి నాలుగు వందల డాలర్లతో మొదలుపెట్టి ఆరు వందల దాకా. 1922లో వచ్చిన తన పుస్తకంలో ఫోర్డే రాశాడు: తరగతిలో, షాపులో తెచ్చుకున్న మార్కులతోపాటు పిల్లవాడు ఎంత ఒళ్లు వంచి పనిచేస్తున్నాడో కూడా లెక్కరాస్తాం, డబ్బు పెంచడం ఈ చివరి లెక్కను బట్టే అని. మావాడి కాగితంలోని మూడో భాగానికి తాతముత్తాత ఇదే అనిపించింది. ఆ బడి 1952 దాకా నడిచింది. మన వనపర్తి రాజాగారి బంగళాలో పాలిటెక్నిక్ తెరిచిన 1959 నాటికి అది మూతపడి ఏడేళ్లు.

ఒక్క ఫోర్డు బడితో ఇదంతా రాలేదు. 1917లో స్మిత్-హ్యూస్ చట్టమొచ్చింది. హైస్కూళ్లలో వృత్తివిద్యకు కేంద్రం డబ్బిస్తుంది, అయితే ప్రత్యేకంగా వృత్తి నేర్పే తరగతుల్లో కనీసం సగం కాలం నిజంగా పనికొచ్చే పని చేయించాలి. బళ్లో షాపు అన్నది దేశమంతటా స్థిరపడింది అప్పుడే. దానికి రెండేళ్ల ముందే జాన్ డ్యూయీ అనే తత్వవేత్త గట్టిగా అడ్డుపడ్డాడు. చేతిపని నేర్పడం మంచిదే, కానీ చేతిపనివాళ్లకో బడి, మెదడుపనివాళ్లకో బడి అంటూ పిల్లల్ని పదునాలుగేళ్లకే విడదీయకండి అన్నాడు. విడదీశారు. వలసొచ్చిన కూలీల బిడ్డల్ని, నల్లవాళ్ల బిడ్డల్ని ఎక్కువగా షాపు వైపు తోశారు. 1983లో దేశం చదువులో వెనకబడిందంటూ ఒక ప్రభుత్వ నివేదిక గగ్గోలు పెట్టాక లెక్కలు, సైన్సు పీరియడ్లు పెరిగాయి, చాలా బళ్లలో షాపులకు తాళాలు పడ్డాయి. విందులో ఆ పెద్దమనిషి అడిగిన ప్రశ్న ఈ దేశానిదే. మనం కులంతో కలిపి అడుగుతాం, అంతే తేడా.

మార్కుల మీద కూడా అప్పట్లోనే ఒక తమాషా జరిగింది. 1912లో స్టార్చ్, ఎలియట్ అనే ఇద్దరు ఒకే ఇంగ్లీషు జవాబుపత్రాన్ని నకళ్లు తీసి ఎన్నో బళ్ల మాష్టార్లకు పంపారు. ఒకాయన 64 వేస్తే ఇంకొకాయన 98 వేశాడు. భాష కదా అంతే అన్నారు కొందరు. మరుసటేడు లెక్కల పేపరు పంపితే తేడా ఇంకా పెరిగింది! నాకు ఆశ్చర్యం వేయలేదు. నేను చదివిన పాలిటెక్నిక్‌లో ఇనపముక్కను ఆకురాయితో పట్టి చదరం చేయాలి. మూలమట్టం పెడితే వెలుగు కనపడకూడదు. నా ముక్కలో వెలుగు కాదు, సూర్యోదయమే కనిపించేది. అయినా రికార్డులో బొమ్మలు ముత్యాల్లా గీశానని 80 దాటించారు.

మావాడి మార్కుల కాగితంలో రెండో భాగం, అంటే చేసిన పనికి వేసే మార్కుల సంగతి వేరు. ఈ దేశంలో మెకానిక్కుల యోగ్యతను పరీక్షించే సంస్థ ఒకటి 1972 నుంచి ఉంది, పేరు ఏఎస్ఈ. బళ్లలో నేర్పాల్సిన పనుల జాబితాలు ఆ సంస్థకు అనుబంధంగా తయారవుతాయి. బ్రేకు ప్యాడు మందం కొలవడం, బ్రేకు గొట్టాల్లోంచి గాలి తీయడం, చక్రం నట్లను చెప్పినంత బలంతోనే బిగించడం, ఇలా ఒక్కొక్కటీ ఒక్కో పని. మావాడి మాష్టారు ప్రతి పనికీ నాలుగుకు ఇన్ని అని వేస్తాడు. ఎవరూ పక్కన లేకుండా పూర్తిగా చేయగలిగితే నాలుగు. తక్కువొస్తే ఆ మార్కు పెన్సిల్‌తో ఉంటుంది. మళ్లీ చేస్తే చెరిపి కొత్తది వేస్తాడు. మళ్లీ చేయకపోతే, కారు లిఫ్టు దిగదు.

మనకు 35 వస్తే పాసు. నూటికి 35 వంతులు పట్టే బ్రేకును ఊహించుకోండి! 90 వంతులు పట్టేదైనా బీచుపల్లి వంతెన మీద నాకొద్దు. చరిత్ర పేపరులో వదిలేసిన ప్రశ్న అక్కడితో పోతుంది, వదిలేసిన నట్టు మాత్రం రోడ్డెక్కుతుంది. నేల తుడిచినందుకు మార్కులేమిటన్న నా కోపమూ ఇక్కడే కొంత చల్లారింది. నేల మీద నూనె ఉంటే జారిపడేది పక్కవాడు. కొంతే అని ఎందుకంటున్నానంటే, ఈ మూడో భాగంలో మాష్టారి ఇష్టాయిష్టాలు దూరడానికి సందు ఎక్కువ. ఎదురు ప్రశ్న వేసే పిల్లవాడికి “ప్రవర్తన” కింద రెండు తగ్గితే అడిగేవాడెవడు? ఫోర్డు కాలంలోనూ ఆ సందు ఉండే ఉంటుంది.

మొన్న ఆదివారం ఉస్తాద్‌కు వీడియో కాల్ చేశాను. చూపు తగ్గింది, షెడ్డు కొడుకులు చూసుకుంటున్నారు. మావాడు ఫోన్ ముందు కూర్చుని, టార్క్ రెంచి టిక్కుమనే దాకా నట్లు ఎలా బిగిస్తారో, ఒకదాని పక్కది కాకుండా ఎదురుగా ఉన్నదాన్ని ఎందుకు పట్టుకోవాలో చెప్పుకొచ్చాడు. ఉస్తాద్ తలూపాడు. నట్లు ఎదురెదురుగా పట్టే సంగతి ఆయనే నాకు నేర్పాడని మావాడికి చెప్పలేదు.

“మార్కులెన్నొచ్చినయ్ బిడ్డా?”

“చక్రం పనికి నాలుగుకు మూడు, తాతా.”

ఉస్తాద్ కాసేపు ఏమీ అనలేదు.

“నాలుగిట్ల మూడా? మరి ఆ నాలుగో చక్రం సంగతేంది?”

“చివర్లో మళ్లీ సరిచూడటం మర్చిపోయా. రేపు మళ్లీ చేస్తా.”

“చేసినంక ఫోన్ జెయ్” అని పెట్టేశాడు.