ఉండిపోయినవాళ్ళం

మూసా దాగ్ కొండెక్కినవాళ్ళ కథ లోకానికంతా తెలుసురా. ఫ్రాంజ్ వెర్ఫెల్ అనే ఆస్ట్రియా రచయిత 1933లోనే దాన్ని పెద్ద నవల చేశాడు. ఆ తర్వాత ఊళ్ళో ఉండిపోయినవాళ్ళ సంగతి అడిగేవాళ్ళే తక్కువ. అది మేం చెప్తేనే మీకు తెలిసేది.

ఈ మూసా దాగ్ కొండ పంచన అప్పట్లో ఆరు అర్మేనియన్ ఊళ్ళు. బిత్యాస్, హాజీ హబీబ్లీ, యోఘునోలుక్, ఖిదిర్ బేగ్, కబూసియే, మన వకిఫ్. ఇంటింటా పట్టుపురుగులే. వసంతం వస్తే ఇంట్లో మనుషులకన్నా పురుగులకే ఎక్కువ చోటు. మా నాయనమ్మ మల్బరీ ఆకు కోసుకొచ్చి, తడి ఉంటే పురుగుకి జబ్బు చేస్తుందని గుడ్డతో తుడిచి మరీ వేసేది. రాత్రి దీపం ఆర్పాక ఆ మేత చప్పుడు పెంకుల మీద చినుకు పడ్డట్టుండేదట. మన దేవమాత చర్చి కూడా ఒకప్పుడు పట్టుపురుగుల్ని పెంచిన కట్టడమే.

1915 ఎండాకాలంలో ఊళ్ళు ఖాళీ చెయ్యమని ఒట్టోమన్ సర్కారు హుకుం వచ్చింది. వేరే ఊళ్ళ నుంచి అలా వెళ్ళినవాళ్ళకు ఎడారి దారుల్లో ఏం జరుగుతోందో మనవాళ్ళకు తెలిసిపోయింది. మేకల్నీ ముసలివాళ్ళనీ చంటిపిల్లల్నీ వెంటేసుకుని చాలామంది కొండెక్కేశారు. వారాల తరబడి సైన్యాన్ని ఆపారు. సముద్రం వైపు దుప్పట్లు కట్టి, ఒకదాని మీద ఎర్ర శిలువ కుట్టారు. సెప్టెంబరులో ఫ్రెంచి యుద్ధనౌకలు చూసి, 4,000 మందికి పైగా ఎక్కించుకుని ఈజిప్టులో పోర్ట్ సయీద్‌కు చేర్చాయి. యుద్ధం అయ్యాక, 1919లో, తిరిగొచ్చి పడిపోయిన గోడలు లేపుకున్నారు.

ఇరవై ఏళ్ళు తిరిగేసరికి మళ్ళీ అదే కష్టం. యుద్ధం తర్వాత తమ చేతికొచ్చిన ఈ హతాయ్ ప్రాంతాన్ని 1939లో ఫ్రెంచివాళ్ళు టర్కీకి అప్పగించేశారు. మళ్ళీ 1915 చూడలేమని ఐదూళ్ళు దాదాపుగా లేచిపోయాయి. లెబనాన్‌లో అంజర్ అనే చోట దింపారు. రాళ్ళు, మలేరియా. ఆ తొలి చలికాలం ఎంతమంది పిల్లల్ని మింగిందో! నాయనమ్మ చెల్లెలూ వెళ్ళింది. మొయ్యలేని రాగి గుండిగ ఒకటి మనింట్లో పెట్టి పోయింది. ఇదిగో, ఈ పొయ్యి మీద ఉన్నది అదే.

మన వకిఫ్ వాళ్ళలో ఎక్కువమంది కదల్లేదు. వాళ్ళకు భయం లేక కాదు. పక్కూళ్ళలో తెలిసిన పొగ ఒక్కటీ లేవని సాయంత్రాలు మా నాన్నకు చివరిదాకా గుర్తే. చుట్టమనేవాడు లేని నేలలో వ్యవసాయం చెయ్యడం తేలికైన పనేం కాదు. పట్టు పోయింది, నారింజ వచ్చింది. టర్కీలో మిగిలిన అర్మేనియన్ ఊరు మనదొక్కటే. చదువులకనీ పనులకనీ ఇస్తాంబుల్ పోయినవాళ్ళు పోగా ఇంచుమించు 130 మందిమి ఉన్నాం. 2023 ఫిబ్రవరి భూకంపంలో ఇళ్ళు బీటలు వారాయి, చర్చి దెబ్బతింది. అప్పుడూ ఊరు విడవలేదు.

రేపు ద్రాక్ష దీవెన. ఆ దీవెన అయ్యేదాకా కొత్త ద్రాక్ష నోట్లో పెట్టుకోకూడదు, గుర్తుందిగా? హరిస్సా మాత్రం ఈ రాత్రంతా ఉడకాలి. గోధుమా మాంసమూ ఏది ఏదో తెలియనంతగా కలిసిపోవాలి, కాబట్టి కర్ర అడుగు దాకా దించి తిప్పు. అంజర్‌లో మనవాళ్ళు దీన్ని, ఆ నౌకలొచ్చిన నెలని, సెప్టెంబరులో వండుతారు. అక్కడి వాడలకు ఇప్పటికీ ఈ ఆరూళ్ళ పేర్లే, వకిఫ్ వాడ కూడా ఉంది.