ఎకరాల లెక్కకు అందని నీరడి

పటాన్‌చెరు చుట్టుపక్కల చెరువులను ఇవాళ ఉపగ్రహ చిత్రాలతో, జి.ఐ.ఎస్.తో పటాలకెక్కిస్తున్నారు. శిఖం హద్దు తేలుతుంది, కబ్జా బయటపడుతుంది. మంచిదే. కాని పటం కొలిచేది విస్తీర్ణాన్నే. 1970ల నుండి వచ్చిన ఫ్యాక్టరీల వ్యర్థాలతో నక్కవాగు విషమై మంజీరలో కలిసింది. 1990లో ఆ గోస సుప్రీంకోర్టుకెక్కింది. పరిహారమూ ఎకరాల లెక్కనే కట్టారు. ఎకరం లేని కూలోళ్లు ఆ లెక్కలోకి రాలేదు.

తెలంగాణ ఊళ్లలో తూము ఎప్పుడు తెరవాలో, మత్తడి ఏ వానకు దుంకుతదో ఎరిగినవాడు నీరడి. ఎక్కువగా దళితవాడ మనిషే. అందరి పొలాలకు నీళ్లు పంచినవానిని ఊరబాయిలో చేద వెయ్యనియ్యలేదు. అతని ఎరుకను శాస్త్రమనీ అనలేదు.

అందుకే మేమంటున్నాం: పటంలో ఇంకో పొర ఉండాలె. చెరువును ఎవరు కాచిండ్రో, అది చెడినంక ఎవరి బతుకు చెడ్డదో అందులో రాయాలె. వాడల్లో ముసలోళ్లు ఉండంగనే ఆ పని మొదలు కావాలె.