వేడితో మలిచే ప్లాస్టిక్ ఆభరణాలు

గాజులు, పూసలు, చెవిదుద్దులు, లాకెట్లు, జడపిన్నులు, బొత్తాలు వంటి అలంకార వస్తువులను వేడి సాయంతో రూపం దిద్దుకునే ప్లాస్టిక్కులతో చేయడం ఇరవయ్యో శతాబ్దంలో ఇంట్లో కూర్చుని చేసుకోగల హస్తకళగా ఎదిగింది. ఈ పనికి వాడే పదార్థాలు ప్రధానంగా రెండు రకాలు. మొదటి రకం వేడికి మెత్తబడి, చల్లారితే బిగుసుకుంటుంది; మళ్లీ వేడి చేస్తే మళ్లీ లొంగుతుంది. లక్క, సెల్యులాయిడ్, యాక్రిలిక్, పాలీకాప్రోలాక్టోన్ ఈ కోవలోవి. రెండో రకం చేతికి మెత్తగా ఉండి, తగినంత వేడి తగిలాక శాశ్వతంగా గట్టిపడుతుంది. పాలిమర్ క్లే ఇందుకు ఉదాహరణ. ఈ కళ చరిత్రను నడిపించిన అసలు అంశం ఉష్ణోగ్రత. కమ్మరి కొలిమి, గాజు బట్టీ అక్కరలేకుండా వంటింటి వేడితోనే పని జరిగే పదార్థం దొరికిన ప్రతిసారీ నగల తయారీ కొత్త చేతుల్లోకి వెళ్లింది.

లక్క, కొమ్ము, తాబేటి చిప్ప

ప్లాస్టిక్కు ప్రయోగశాలలో పుట్టకముందే ప్రకృతిలో దాని లక్షణాలున్న పదార్థాలు ఉన్నాయి. వాటిలో భారతదేశానికి బాగా తెలిసినది లక్క. మోదుగ, రేగు వంటి చెట్ల కొమ్మలపై బతికే చిన్న కీటకాలు తమ చుట్టూ స్రవించే జిగురు ఇది. సుమారు 65 నుంచి 80 డిగ్రీల సెల్సియస్ మధ్య మెత్తబడి కరుగుతుంది, చల్లారగానే గట్టిపడుతుంది. హైదరాబాదులో చార్మినార్ పక్కనున్న లాడ్ బజార్ గాజులు ఈ గుణం మీదే ఆధారపడ్డాయి. కరిగించిన లక్కను గుండ్రని గాజుగా మలిచి, అది మెత్తగా ఉండగానే రాళ్లు, అద్దాలు, పూసలు ఒక్కొక్కటిగా చేత్తో పొదుగుతారు. చల్లారాక లక్కే వాటిని పట్టి ఉంచుతుంది. ఈ గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. బోలు బంగారు గుండ్లు సొట్టలు పడకుండా లోపల లక్క నింపే అలవాటు కంసాలి పనిలో చాలా పాతది. తూకంలో ఆ లక్క బరువు తీసేయడం మీద బేరాలూ పాతవే.

అనకాపల్లి జిల్లా ఏటికొప్పాక చేతివృత్తిది మరో పద్ధతి. అక్కడ నిప్పుతో పనిలేదు. తరిణెపై వేగంగా తిరిగే అంకుడు కర్రకు రంగు కలిపిన లక్క కడ్డీని ఆనిస్తే, రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకు పూతగా అంటుకుంటుంది. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కళలో బొమ్మలతోపాటు పూసలు, గాజులు కూడా తయారవుతున్నాయి.

యూరప్‌లో ఇదే స్థానం కొమ్ముకు, తాబేటి చిప్పకు దక్కింది. మరిగే నీటిలో నానబెట్టి మెత్తబరిచి, లోహపు అచ్చుల మధ్య నొక్కి దువ్వెనలు, పొడుం డబ్బీలు, పతకాలు చేసేవారు. పద్దెనిమిదో శతాబ్దం తొలినాళ్లలో లండన్‌లో జాన్ ఒబ్రిసెట్ ఈ పనిలో పేరు పొందాడు. 1840లలో ఆగ్నేయాసియా నుంచి గట్టా పెర్చా అనే చెట్టు పాలు లండన్ చేరాయి. వేడి నీటిలో మెత్తబడే ఈ పదార్థాన్నీ, గంధకం కలిపి గట్టిపరిచిన రబ్బరునూ విక్టోరియా కాలపు సంతాప నగలకు విరివిగా వాడారు. 1861లో ప్రిన్స్ ఆల్బర్ట్ మరణించాక నల్లని నగలకు గిరాకీ పెరిగింది. విట్‌బీ ప్రాంతంలో దొరికే అసలైన జెట్ రాయి ఖరీదు కావడంతో, నల్ల రబ్బరు దానికి చౌక ప్రత్యామ్నాయమైంది.

కర్పూరంతో చేసిన ప్లాస్టిక్

1862 లండన్ అంతర్జాతీయ ప్రదర్శనలో అలెగ్జాండర్ పార్క్స్ తన పేరే పెట్టిన పార్కసీన్‌ను చూపించి కాంస్య పతకం అందుకున్నాడు. అది నైట్రో సెల్యులోజు నుంచి చేసిన పదార్థం. వ్యాపారంలో అతను నిలదొక్కుకోలేదు. అమెరికాలో జాన్ వెస్లీ హయట్ అదే నైట్రో సెల్యులోజుకు కర్పూరం జోడించి, వేడి, ఒత్తిడి కింద మలిచే పద్ధతికి 1870లో పేటెంటు పొందాడు. అదే సెల్యులాయిడ్. పెళుసైన పదార్థపు అణువుల మధ్య కర్పూరం చేరి వాటిని జారనిస్తుంది. ఇలా మెత్తదనం ఇచ్చే పదార్థాన్ని ప్లాస్టిసైజర్ అంటారు. వందేళ్ల తర్వాత పాలిమర్ క్లేను సాధ్యం చేసినదీ ఈ సూత్రమే.

సెల్యులాయిడ్‌ను వేడి నీటిలో మెత్తబరిచి వంచవచ్చు, కోయవచ్చు, అచ్చులో నొక్కవచ్చు. ఏనుగు దంతంలా, తాబేటి చిప్పలా కనిపించేలా రంగులు కలపవచ్చు. ఫ్రాన్స్‌లో ఒయొనా, అమెరికాలో లెమిన్‌స్టర్ పట్టణాలు దువ్వెనలతో, కొప్పు అలంకారాలతో బతికాయి. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత స్త్రీలు జుట్టు పొట్టిగా కత్తిరించుకోవడం ఫ్యాషన్ కావడంతో ఆ వ్యాపారం కూలింది. ఒక జుట్టు అలవాటు మారితే ఊరి బతుకుతెరువే మారిపోయేంతగా ఈ పరిశ్రమ ఫ్యాషన్‌తో ముడిపడి ఉంది. లెమిన్‌స్టర్‌కు చెందిన ఫాస్టర్ గ్రాంట్ సంస్థ 1929లో చౌక చలువ కళ్లద్దాల వైపు మళ్లింది. సెల్యులాయిడ్‌కు ఒక పెద్ద లోపం ఉంది: అది సులువుగా అంటుకుంటుంది. ఇళ్లలో కుంపటి దగ్గర పెట్టుకుని చేసుకునే పనికి అది ఎన్నడూ తగలేదు.

1897లో జర్మనీలో విల్హెల్మ్ క్రిషె, అడాల్ఫ్ ష్పిట్టెలర్ పాలలోని కేసిన్‌ను ఫార్మాల్డిహైడ్‌తో గట్టిపరిచి గాలలిత్ తయారు చేశారు. నిప్పుకు భయపడనవసరం లేని ఈ పదార్థానికి చక్కగా రంగు పడుతుంది. ఇడార్-ఒబర్‌స్టైన్‌లో యాకొబ్ బెంగెల్ సంస్థ దీన్ని క్రోమియం గొలుసులతో జతచేసి చేసిన కంఠహారాలు 1930ల డిజైన్లలో ఇప్పటికీ మెరుగైనవిగా నిలుస్తాయి. 1907లో లియో బేక్‌లాండ్ కనుగొన్న బేకలైట్ వేరు. ఒకసారి గట్టిపడితే మళ్లీ కరగదు. అందుకే బేకలైట్ గాజులను వేడితో వంచలేదు, కోసి చెక్కారు.

1930లలో వచ్చిన యాక్రిలిక్ ఆ కట్టుబాటు లేనిది. గాజులా పారదర్శకంగా ఉండి, 100 డిగ్రీలు దాటాక రబ్బరులా వంగుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో విమానాల కిటికీలకు దీన్నే వాడారు. విరిగిన విమానాల ముక్కలను ఏరుకుని, సైనికులు హృదయాకారపు లాకెట్లు, ఉంగరాలు చేసి ఇంటికి పంపేవారు. కర్మాగారం దాటి వచ్చిన ప్లాస్టిక్ సాధారణ వ్యక్తి చేతిలో నగగా మారిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

పాలిమర్ క్లే

ఇంటి ఓవెన్‌లో నగలు చేసే వీలు కల్పించినది పాలిమర్ క్లే. పేరులో మట్టి ఉన్నా ఇందులో మట్టి లేదు. అతి సూక్ష్మమైన పీవీసీ రేణువులు ప్లాస్టిసైజర్ ద్రవంలో కలిసి ముద్దగా ఉంటాయి. రంగులు, నింపుడు పొడి తోడవుతాయి. అమెరికాలో బి.ఎఫ్. గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సీమన్ 1926లో పీవీసీని మెత్తబరిచే మార్గం కనుగొనకపోతే ఈ పదార్థం ఉండేది కాదు. ముద్దను ఓవెన్‌లో పెట్టినప్పుడు 110 నుంచి 130 డిగ్రీల మధ్య పీవీసీ రేణువులు చుట్టూ ఉన్న ప్లాస్టిసైజర్‌ను పీల్చి ఉబ్బుతాయి. తర్వాత పక్కపక్క రేణువులు ఒకదానిలో ఒకటి కలిసిపోయి ఒకే ఘనపదార్థమవుతాయి. కుండల మట్టిలా నీరు ఆవిరి కాదు కనుక దాదాపు కుదించుకుపోదు, పగుళ్లు బారదు. తక్కువ వేడిలో కాలిస్తే పైకి గట్టిగా కనిపించినా లోపల రేణువులు కలవవు, పూస వంచితే విరిగిపోతుంది. మరీ ఎక్కువైతే రంగు మాడుతుంది, ఇంకా పెరిగితే పీవీసీ విడిపోయి హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. అందుకే అనుభవజ్ఞులు ఓవెన్ అంకెను నమ్మకుండా లోపల విడిగా థర్మామీటరు పెట్టుకుంటారు.

ఈ పదార్థానికి రెండు పుట్టుకలు ఉన్నాయి. జర్మనీలో బొమ్మల తయారీదారు కేథె క్రుజె 1930లలో బొమ్మల తలలకు కొత్త పదార్థం కోసం వెతుకుతుండగా ఇలాంటి ముద్ద ఆమె చేతికి వచ్చింది. బొమ్మలకు పనికిరాని దాన్ని ఆమె కూతురు సోఫీ చేతిపనుల కోసం అభివృద్ధి చేసింది. 1964లో ఎబెర్‌హార్డ్ ఫాబెర్ సంస్థ ఆ హక్కులు కొని ఫీమో పేరుతో బజారులోకి తెచ్చింది. తర్వాత అది స్టెడ్లర్ సంస్థ చేతికి వచ్చింది. అమెరికాలో ఇల్లినాయ్‌కు చెందిన జెనిత్ ప్రోడక్ట్స్ సంస్థ ట్రాన్స్‌ఫార్మర్ల వేడిని బయటికి పంపేందుకు ఒక ముద్ద తయారు చేసింది. అనుకున్న పనికి అది రాలేదు. చేత్తో మలిచి ఓవెన్‌లో కాల్చవచ్చని తేలాక 1960లలో స్కల్పీగా అమ్మకానికి వచ్చింది. రెండు చోట్లా విఫలమైన పారిశ్రామిక పదార్థమే కళకు పనికొచ్చింది.

మొదట పిల్లల బొమ్మలకే వాడిన ఈ ముద్దను 1970ల చివర, 1980లలో కొందరు అమెరికన్ కళాకారులు నగలవైపు మళ్లించారు. పియర్ వోల్కస్, కాథ్లీన్ డస్టిన్, సింథియా టూప్స్, స్టీవెన్ ఫోర్డ్–డేవిడ్ ఫోర్లానో జంట వారిలో ముఖ్యులు. వీరికి దారి చూపినది ప్రాచీన గాజు పని. రోమన్ కాలం నుంచి మురానో దాకా గాజు కళాకారులు రంగురంగుల కడ్డీలను కట్టగా చేర్చి, వేడిచేసి సాగదీసి, అడ్డంగా కోసి పూల బిళ్లలు చేసేవారు. గాజుకు అందుకోసం బట్టీ కావాలి. పాలిమర్ క్లేతో అదే పని బల్లమీద అరచేత్తో, అప్పడాల కర్రతో అవుతుంది. పువ్వు నమూనాను లావుపాటి కడ్డీగా పేర్చి, అన్ని వైపులా సమంగా నొక్కుతూ సన్నగా సాగదీస్తే లోపలి బొమ్మ చెదరకుండా చిన్నదవుతుంది. పల్చగా కోసిన ప్రతి ముక్కలోనూ అదే పువ్వు ఉంటుంది. ఈ చేతిపని నేర్చుకున్నవారు ఒక కడ్డీ నుంచే ఒకేలాంటి పూసలను పదులకొద్దీ చేయగలరు.

1991లో వచ్చిన నాన్ రోష్ పుస్తకం ద న్యూ క్లే ఈ పద్ధతులను తొలిసారి విస్తృతంగా ఒకచోట చేర్చింది. 1996లో జూడిత్ స్కిన్నర్ రెండు రంగుల త్రికోణాలను పక్కపక్కన పెట్టి, పాస్తా యంత్రంలో ఒకే దిశలో మడుస్తూ మళ్లీమళ్లీ లాగితే ఒక రంగు నుంచి మరో రంగుకు మెల్లగా మారే పలక వస్తుందని చూపింది. చూడటానికి చిన్న చిట్కా అయినా, చిత్రలేఖనంలో ఉండే వెలుగునీడలను అది పూసల్లోకి తెచ్చింది. 2011లో విస్కాన్సిన్‌లోని రసీన్ ఆర్ట్ మ్యూజియం టెర్రా నోవా అనే ప్రదర్శనతో పాలిమర్ ఆభరణాలకు చోటిచ్చింది. కళాకారిణి ఎలీస్ వింటర్స్ చొరవతో సమకూరిన సేకరణ దానికి మూలం. అభిరుచి వస్తువుగా చూసిన పదార్థానికి మ్యూజియం తలుపు తెరుచుకోవడం ఈ కళ చరిత్రలో నిర్ణాయకమైన ఘట్టం.

ప్లాస్టిసైజర్లలో వాడిన కొన్ని థాలేట్ రసాయనాలపై ఆరోగ్య సందేహాలు రావడంతో, పిల్లల బొమ్మల్లో వాటిపై 2005లో ఐరోపా సమాఖ్య, 2008లో అమెరికా ఆంక్షలు పెట్టాయి. ప్రధాన తయారీదారులు ఆ థాలేట్లు లేని మిశ్రమాలకు మారారు. ఈ ముద్దకు వాడిన గిన్నెలు, కత్తులు మళ్లీ వంటకు వాడకూడదన్న నియమం మాత్రం కొనసాగుతోంది. కాల్చని ముద్దలోని ప్లాస్టిసైజర్ పాలీస్టైరీన్ డబ్బాలను కరిగిస్తుంది కనుక పాలిథీన్ సంచుల్లో దాచుకోవడం మేలు.

కుదించుకునే రేకు, వేడి నీటి గుళికలు

1973లో విస్కాన్సిన్‌లోని బ్రూక్‌ఫీల్డ్‌లో బెట్టీ మోరిస్, క్యాథరిన్ బ్లూమ్‌బర్గ్ పిల్లల స్కౌట్ బృందం కోసం చేసిన ఆటవస్తువు ష్రింకీ డింక్స్. సాగదీసి చల్లార్చిన పాలీస్టైరీన్ రేకుపై బొమ్మ గీసి కత్తిరించి ఓవెన్‌లో పెడితే, సాగదీసినప్పుడు బంధించిన అణుగొలుసులు మళ్లీ ముడుచుకుంటాయి. రేకు పొడవు, వెడల్పు దాదాపు మూడోవంతుకు తగ్గి, మందం సుమారు తొమ్మిది రెట్లవుతుంది. గీసిన గీత సూక్ష్మమై, రంగు చిక్కబడి లాకెట్‌గా, చెవిదుద్దుగా మారుతుంది. ఇదే గుణాన్ని కాలిఫోర్నియాలో మిషెల్ ఖైన్ బృందం అతిసన్నని ద్రవ మార్గాలున్న ప్రయోగశాల చిప్పులు చేయడానికి వాడుకుంది.

పాలీకాప్రోలాక్టోన్ కథ ఇంకా పాతది. అమెరికాలో వాలెస్ కరోథర్స్ బృందం దీన్ని 1934లో వర్ణించింది. వాణిజ్య ఉత్పత్తి, వైద్య వినియోగం చాలా ఆలస్యంగా వచ్చాయి. ఇది సుమారు 60 డిగ్రీలకే కరుగుతుంది. అంటే లక్క మెత్తబడే వేడికీ దీనికీ పెద్ద తేడా లేదు. విరిగిన ఎముకలకు కట్టే చెక్కలాంటి స్ప్లింట్లుగా వైద్యులు మొదట వాడింది ఇందుకే: వేడి నీటిలో మెత్తబరిచిన పలకను రోగి చేతిపైనే వంచవచ్చు. చేతిపనులకు ఇది తెల్లని గుళికలుగా వస్తుంది. వేడి నీటిలో వేస్తే స్ఫటికాలు కరిగి పారదర్శకమవుతాయి. అదే సిద్ధమైందనడానికి గుర్తు. ముద్దచేసి మలిచాక చల్లారుతూ మళ్లీ తెల్లబడి, నైలాన్‌లా గట్టిపడుతుంది. నచ్చకపోతే మళ్లీ నీటిలో వేయవచ్చు. అమాకో సంస్థ అమ్మిన ఫ్రెండ్లీ ప్లాస్టిక్ పట్టీలు రంగు, లోహపు మెరుపు పూతతో ఉండి, వాటిని పొరలుగా పేర్చి మెత్తబరిచి, చెక్కపుల్లతో గీసి పాలరాతి చారలు తెచ్చేవారు. బ్రిటన్‌లో బడిపిల్లల డిజైన్ పాఠాల్లో పాలీమార్ఫ్ గుళికలుగా ఇది విస్తరించింది. వేషధారణ పోటీల కవచాలు, కిరీటాలకు వాడే వోర్బ్లా వంటి పలకలూ వేడితో మలిచే ప్లాస్టిక్కులే.

పాలీకాప్రోలాక్టోన్ సౌలభ్యమే దాని బలహీనత. ఎండలో నిలిపిన కారు లోపలి వేడి 60 డిగ్రీలు దాటవచ్చు. అలాంటి చోట వదిలిన గాజు వంకరపోతుంది. తెలుగు నేల వేసవిలో దీన్ని ధరించేవారు ఇది గుర్తుంచుకోవాలి. మరోవైపు, పాలీకాప్రోలాక్టోన్ మట్టిలోని సూక్ష్మజీవులకు లొంగి క్రమంగా విచ్ఛిన్నమవుతుంది, పీవీసీకి ఆ గుణం లేదు.

నగలుగా నిలిచిన ప్లాస్టిక్కుల ఆయుష్షు కూడా అధ్యయన విషయమైంది. సెల్యులాయిడ్ కాలక్రమంలో ఆమ్ల ఆవిర్లు విడుస్తూ విచ్ఛిన్నమవుతుంది. ఆ ఆవిర్లు పక్కనున్న లోహాలను, బట్టలను కూడా తినేస్తాయి. అందుచేత మ్యూజియాల్లో వాటిని వేరుచేసి, చల్లని, గాలి ఆడే గదుల్లో భద్రపరుస్తారు. పీవీసీ వస్తువుల్లో ప్లాస్టిసైజర్ నెమ్మదిగా పైకి వచ్చి జిగురుగా మారే అవకాశం ఉంది కనుక పాలిమర్ క్లే నగలను వేడికి, తీవ్రమైన వెలుతురుకు దూరంగా, ఇతర ప్లాస్టిక్కులకు తాకకుండా ఉంచుతారు.