డిగ్రీ ముందా, బంతి ముందా?

మా ఇంట్లో పిల్లలిద్దరూ సాకర్ ఆడతారు. మొన్న మా పదమూడేళ్ళ వాడికి ఒక ప్రొఫెషనల్ క్లబ్ అకాడమీ నుంచి సెలెక్షన్స్‌కి రమ్మని కబురొచ్చింది. వాడికి ఆ రాత్రి నిద్ర లేదు. హైదరాబాద్ నుంచి అత్తగారు ఫోన్‌లో, "ఆట సరేనమ్మా, చదువు మాటేమిటి?" అన్నారు. నాదీ అదే భయం. అసలీ దేశంలో ఆటకీ కాలేజీకీ ఈ ముడి ఎలా పడిందో చూద్దామని కూర్చున్నాను.

యూరప్‌లో పిల్లవాడు చిన్నప్పుడే ఊరి క్లబ్బులో చేరతాడు, ఆ క్లబ్బే వాణ్ణి పెంచి పెద్ద చేస్తుంది. అమెరికాలో ఆ పని చాలాకాలం చేసింది బడి, ఆ తర్వాత కాలేజీ. ఇప్పుడున్న ప్రొఫెషనల్ లీగ్ ఎంఎల్‌ఎస్ మొదలైందే 1996లో. అది కూడా తనకు కావలసిన కుర్రాళ్ళని కాలేజీల నుంచే డ్రాఫ్ట్‌లో ఎంచుకునేది. అంటే డిగ్రీ దారే ఆట దారి.

ఆ దారిలో వచ్చినవాడే టెక్సస్ కుర్రాడు క్లింట్ డెంప్సీ. ఇతని కథ దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. వాళ్ళుండే నాకడోషస్ అనే చిన్న ఊరి నుంచి డాలస్‌లో ప్రాక్టీసుకి పోను మూడు గంటలు, రాను మూడు గంటలు. అక్క జెనిఫర్ టెన్నిస్‌లో పైకి వస్తోంది. ఇద్దరి ఖర్చూ భరించలేక తల్లిదండ్రులు తమ్ముడి ఆట మాన్పించారు. 1995లో మెదడులో రక్తనాళం చిట్లి జెనిఫర్ చనిపోయింది. ఆ తర్వాతే అతను మళ్ళీ బంతి దగ్గరకొచ్చాడు. ఫర్మన్ యూనివర్సిటీలో ఆడి, 2004 డ్రాఫ్ట్‌లో లీగ్‌లోకి వెళ్ళి, మూడు ప్రపంచ కప్పుల్లో గోల్ కొట్టాడు. ఆ తల్లి ఎవరి ఆట ఆపాలో తేల్చుకున్న రోజు ఎలా గడిచిందో అనుకుంటే, ఇద్దరు పిల్లల తల్లిగా నాకు ముద్ద దిగలేదు.

ఇక రెండో దారి. 1999లో ఫ్లోరిడాలోని బ్రేడెంటన్‌లో పదిహేడేళ్ళ లోపు కుర్రాళ్ళకి హాస్టల్ పెట్టి, చదువూ ఆటా ఒకేచోట నేర్పడం మొదలుపెట్టారు. ఆ మొదటి జట్టులోని లాండన్ డానొవన్ కాలేజీ మెట్టెక్కకుండానే జర్మనీ క్లబ్బుతో ఒప్పందం చేసుకున్నాడు. 2004లో ఫ్రెడ్డీ ఆడూ పద్నాలుగేళ్ళకే ప్రొఫెషనల్‌గా మైదానంలోకి దిగాడు. దేశమంతా నెత్తిన పెట్టుకుంది. తర్వాత క్లబ్బులు, దేశాలు మారుతూనే పోయాడు కానీ, అనుకున్నంత ఎత్తుకు ఎదగలేదు. పద్నాలుగేళ్ళవాడి మీద అంత బరువు పెట్టిన పెద్దవాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు!

2007లో దేశ సాకర్ సమాఖ్య డెవలప్‌మెంట్ అకాడమీ లీగ్ పెట్టింది. 2012 నుంచి అందులో ఆడే అబ్బాయిలు హైస్కూల్ జట్టులో ఆడకూడదన్నారు. స్నేహితులతో కలిసి బడి జెర్సీ వేసుకునే సరదా అక్కడితో సరి. 2020లో కరోనా సమయంలో ఆ లీగ్ మూతపడితే, ఎంఎల్‌ఎస్ తన సొంత యువ లీగ్ మొదలుపెట్టింది. లీగ్ క్లబ్బుల అకాడమీలు చాలావరకు ఫీజు తీసుకోవు. ఏటా వేల డాలర్లు కట్టే మాలాంటి ఇళ్ళకి అది చిన్న విషయం కాదు.

మరి ఆడపిల్లల సంగతి? ఇక్కడ కథ తిరగబడుతుంది. చదువులో ఆడామగా తేడా చూపకూడదని 1972లో టైటిల్ నైన్ చట్టం వచ్చింది. దాంతో కాలేజీలు అమ్మాయిల జట్లకీ డబ్బు పెట్టక తప్పలేదు. చాలా ఏళ్ళపాటు పై స్థాయి కాలేజీ ఒక్కొక్కటి అబ్బాయిల సాకర్‌కి 9.9 స్కాలర్‌షిప్పులు ఇవ్వగలిగితే, అమ్మాయిలకి 14 ఇవ్వగలిగేది. మియా హామ్ నార్త్ కెరొలైనా యూనివర్సిటీకి ఆడుతున్న రోజుల్లోనే, 1991లో, అమెరికా అమ్మాయిలు మొట్టమొదటి ప్రపంచ కప్పు గెలిచారు. అబ్బాయిలకి కాలేజీ ఆలస్యం చేసే దారి అని పేరు పడితే, అమ్మాయిలకి అదే రాజమార్గమైంది.

ఆ మార్గమూ మారుతోంది. 2012లో లిండ్సే హొరన్ నార్త్ కెరొలైనా స్కాలర్‌షిప్ వదులుకుని పద్దెనిమిదేళ్ళకే పారిస్ క్లబ్బులో చేరింది. 2021లో పదిహేనేళ్ళ ఒలీవియా మౌల్‌ట్రీ వయసు నిబంధన మీద అమెరికా మహిళల లీగ్‌తోనే కోర్టుకెక్కి, ప్రొఫెషనల్ అయింది. 2024లో ఆ లీగ్ కాలేజీ డ్రాఫ్ట్‌నే ఎత్తేసింది.

ఇదంతా చదివాక నాకు తెలిసిందేమిటంటే, అకాడమీలో చేరినంత మాత్రాన కాలేజీ తలుపు మూసుకుపోదు. అక్కడ ఆడి కాలేజీకి వెళ్ళినవాళ్ళు బోలెడంతమంది. ఇన్నేళ్ళూ ఆ తలుపు మూసింది ప్రొఫెషనల్ కాంట్రాక్టు మీద పెట్టే సంతకం. అది పెడితే కాలేజీ జట్టులో ఆడే హక్కు పోయేది. అందుకే 1997 నుంచి లీగ్ కొందరు కుర్రాళ్ళతో చేసుకున్న ఒప్పందాల్లో, తర్వాత చదువుకోవడానికి డబ్బు కూడా రాసేవారు. మోకాలు దెబ్బతిన్న కుర్రాడికి మిగిలేది ఆ ఒక్క వాక్యమే.

అందుకని మా వాణ్ణి సెలెక్షన్స్‌కి పంపుతున్నాం. సంతకం మాట వస్తే మాత్రం ముందు చదువు డబ్బు సంగతి కాగితం మీద చూస్తాం. ఇంకోటి కూడా అనుకున్నాం. వీడి అకాడమీ కోసం అమ్మాయి ప్రాక్టీసు ఒక్కరోజు కూడా ఆగకూడదు. దూరాలు కుదరకపోతే రెండో కారు నేనే నడుపుతాను. ఆ సంగతి చెబితే అత్తగారు నవ్వి, "అయితే ముందు నువ్వు హైవే మీద భయపడకుండా నడపడం నేర్చుకో" అన్నారు. రేపట్నుంచి అదే పని.