పానీ ఎన్ని రోజులకొకసారి?

నాకు ఔరంగాబాద్‌కి తబాదలా ఖాయమైంది. చేరడానికి ఇంకా నెల గడువుంది. అందుకని నేనూ మా బేగం కలిసి ముందొకసారి వెళ్లి షహర్ చూసి, కిరాయి ఇల్లు వెతుక్కుని వద్దామనుకున్నాం. కర్నూలు నుంచి కాచిగూడ, అక్కణ్నుంచి రాత్రి అజంతా ఎక్స్‌ప్రెస్. ఆర్డరులో ఛత్రపతి శంభాజీనగర్ అని ఉంది. 2023లో మార్చిన పేరు అది. మా అమ్మీకి మాత్రం ఎన్నిసార్లు చెప్పినా ఔరంగాబాదే.

అసలు సమస్య పేరు కాదు. బేగం పదకొండేళ్లుగా ఒక స్కూల్లో పిల్లలకు లెక్కలు చెబుతోంది. వస్తే ఆ నౌకరీ వదులుకోవాలి. అమ్మీకి డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. ఆమెను తీసుకొస్తే పరాయి ఊళ్లో తక్లీఫ్, వదిలేస్తే మాకు మనసొప్పదు. "నువ్వొక్కడివే వెళ్లు, నెలకోసారి వచ్చిపో" అని చుట్టాలందరూ చెప్పేశారు. బేగం మాత్రం "చూడకుండా నేనేమీ అనను" అంది. అంటే ఫైసలా ఆమె చేతిలో పెట్టుకునే రైలెక్కింది.

నా ధ్యాసంతా తారీఖ్ మీద. సంచిలో మూడు కితాబులు, ఒక పటం. దర్వాజాల షహర్ కదా, ఏ దర్వాజా ఎవరు కట్టించారో అన్నీ రాసిపెట్టుకున్నాను. ఆమె సంచిలో రెండు రొట్టెల డబ్బాలు, ఒక చిన్న నోట్‌బుక్కు.

పొద్దున్నే దిగి ఇళ్ల వేటలో పడ్డాం. నా డ్యూటీ వాళూజ్ వైపు ఫ్యాక్టరీలో. ఆ దారికి దగ్గరగా ఒకటి, పాత షహర్‌లో రెండు ఇళ్లు చూశాం. మొదటి ఇంటాయన నా పేరు అడిగి, విని, ఇల్లు నిన్ననే ఎవరికో ఇచ్చేశామన్నాడు. ఇది మాకు కొత్త కాదు, హైదరాబాద్‌లోనూ చూశాం. రెండో ఇంట్లో గదులు బాగున్నాయి, గాలి బాగుంది. కిటికీలోంచి పాత కోటగోడ ముక్క కనిపిస్తుంటే నేను దాన్నే చూస్తూ నిలబడ్డాను. బేగం వంటింటి కుళాయి తిప్పింది. చుక్క రాలేదు.

"క్యా జీ, పానీ కిత్తే దినాన్‌కూ ఆతా, పూఛే క్యా?" అంది నాతో. నేను అడగలేదు. ఆమే ఇంటామెని అడిగింది. ఎండాకాలం అయితే ఆఠ్ దిన్ మే ఏక్ బార్ అని జవాబు. ఎనిమిది రోజులకొకసారి! అదీ ఒక్కోసారి అర్ధరాత్రి వస్తుందట. మేలుకుని పట్టుకోవాలి. బేగం నోట్‌బుక్కు తీసి, ఒక మనిషికి రోజుకి ఎన్ని బిందెలు, ముగ్గురికి ఎన్ని, ఎనిమిది రోజులకి ఎన్ని అని లెక్క వేసింది. లెక్కల పంతులమ్మ మరి. అమ్మీ ఐదు పూటల వుజూకి కూడా వేరే లైను రాసింది.

ఈ షహర్‌కి నీళ్లు పైఠాన్ దగ్గరున్న జాయక్‌వాడీ డ్యామ్ నుంచి వస్తాయి. దక్షిణంగా యాభై కిలోమీటర్ల దూరం. పైఠాన్ అంటే మన స్కూలు పుస్తకాల్లో శాతవాహనుల ప్రతిష్ఠానపురం. ఆ నది మన గోదావరే, ఇక్కడ ఇంకా పడుచు నది, రాజమండ్రి చేరేసరికి సముద్రమంత వెడల్పు. గోదావరిని గట్టుకి అటు పెట్టుకుని కుళాయిలో చుక్క లేని ఊరా అని బేగం ఆశ్చర్యపోయింది. నీళ్లని కిందినుంచి పైకి మోటార్లతో ఎత్తి తేవాలి. జనాభా పెరిగింది, గొట్టాలు పెరగలేదు.

ఆమె మూడ్ పాడైందని సాయంత్రం పన్‌చక్కీకి తీసుకెళ్లాను. అంటే నీటి తిరగలి. బుఖారా దగ్గరి గిజ్దువాన్ నుంచి వచ్చిన నక్ష్‌బందీ సూఫీ బాబా షా ముసాఫిర్ దర్గా అది. ఆయనా వలస వచ్చినవాడే, పేరే ముసాఫిర్. ఆయన పీర్ బాబా పలంగ్‌పోష్ మొఘల్ ఫౌజ్ వెంట తిరిగేవాడు. ఆ ఫౌజ్ సర్దార్ గాజీవుద్దీన్ ఖాన్ ఫిరోజ్‌జంగ్, మన మొదటి నిజాం ఆసఫ్ జా తండ్రి. ముసాఫిర్ మాత్రం ఈ వాగు ఒడ్డునే తకియాలో కూర్చుండిపోయాడు. వచ్చేపోయే ఫకీర్లకి, యతీములకి ఇంత రొట్టె కావాలి కదా. ఆ పిండి విసరడానికే ఈ చక్కీ.

చాలా కిలోమీటర్ల అవతల గుట్టల్లోని ఊట నుంచి మట్టి గొట్టాల్లో నీళ్లు వస్తాయి. పల్లంలోకి దిగి, ఆ ఒత్తిడితోనే మళ్లీ ఎత్తైన గోడ మీదికెక్కి, అక్కణ్నుంచి హౌజ్‌లోకి దూకుతాయి. మోటారు లేదు, కరెంటు లేదు. ఆ హౌజ్ అడుగే కింద ఉన్న పెద్ద హాలుకి కప్పు. ఎండాకాలం పైన నీళ్లు, కింద చల్లదనం. మేము వెళ్లిన రోజు నీళ్లు పడుతూనే ఉన్నాయి. బేగం చాలాసేపు చూసి, "ఈ ఊళ్లో ఇన్నేళ్ల నాటి కుళాయి పారుతోంది, మొన్నటి కుళాయి పారట్లేదు" అంది.

అప్పుడు నా కితాబుల బరువు కొంచెం పనికొచ్చింది. ఆమెకి మలిక్ అంబర్ ఖిస్సా చెప్పాను.

సుమారు 1548లో హబషా దేశంలో, అంటే ఇప్పటి ఇథియోపియాలో పుట్టాడు. చిన్నప్పటి పేరు చాపు. బానిసల బాజారులో చేతులు మారి బగ్దాద్ చేరాడు. అక్కడ మీర్ ఖాసిం అనే యజమాని చదువు చెప్పించాడు, అంబర్ అని పేరు పెట్టాడు. అక్కణ్నుంచి దక్కన్‌లో మళ్లీ అమ్మకం. కొన్నవాడు అహ్మద్‌నగర్ నిజాంషాహీ పీష్వా చంగేజ్ ఖాన్, ఆయన కూడా ఒకప్పటి హబషీ గులామే. ఇంతమంది యజమానులు, ఇన్ని దేశాలు. ఒక్క తబాదలాకీ ఎవరూ అతని రజామందీ అడగలేదు. మాకు నెల గడువిచ్చారు, ముందు వెళ్లి చూసిరమ్మన్నారు. దానికే మేమిద్దరం ఇంత హైరానా పడుతున్నాం.

యజమాని పోయాక స్వేచ్ఛ పొందిన ఈ గులాం ఒక ఫౌజ్ కూడగట్టాడు. కూలిపోతున్న నిజాంషాహీకి తనే వకీల్, తనే వెన్నెముక అయ్యాడు. జహంగీర్ బాద్‌షాకి ఇరవై ఏళ్లపైన కంటిమీద కునుకు లేకుండా చేశాడు. 1610లో ఖడ్కీ అనే చిన్న గ్రామం దగ్గర రాజధాని కట్టాడు. అదే ఈ షహర్. 1653లో రెండోసారి దక్కన్ సుబేదారుగా వచ్చిన ఔరంగజేబ్ దీన్ని ఠికానా చేసుకున్నాడు, అలా ఔరంగాబాద్ అయింది. పేర్ల గొడవలో అందరూ ఔరంగజేబ్‌నీ శంభాజీనీ ఎదురెదురుగా నిలబెడతారు గానీ, షహర్ పుట్టించినవాడు ఈ హబషీ అని గుర్తుచేసేవాళ్లు తక్కువ. ఇంకో మాట. శంభాజీ తాతగారు షాహజీ భోంస్లే 1624లో భట్వాడీ యుద్ధంలో మలిక్ అంబర్ పక్షాన మొఘలులతో పోరాడాడు. మరాఠా సర్దార్లూ హబషీలూ ఒకే జెండా కింద ఉన్న జమానా అది.

షహర్ కట్టిన కొన్నేళ్లకే నహర్-ఎ-అంబరీ తవ్వించాడు. ఉత్తరాన గుట్టల్లో నేల అడుగున సొరంగాలు. పైన వానలో ఇంకిన నీరు వాటిలోకి ఊరుతుంది. సన్నటి వాలులో, చీకట్లో, ఎండకి ఆవిరైపోకుండా షహర్‌కి నడిచొస్తుంది. మధ్యమధ్య మనిషి దిగి శుభ్రం చేసే బావుల్లాంటి మూతలు. గాలి పట్టేసి నీరు ఆగకుండా అక్కడక్కడ నిలువు స్తంభాలు కట్టారు, వాటిని ఇక్కడ బంబా అంటారు. మొఘల్ జమానాలో మరికొన్ని నహర్లు దీనికి తోడయ్యాయి. పన్‌చక్కీ నీళ్లూ ఆ ఖాందాన్‌వే. బగ్దాద్‌లో, దారిలోని ఎడారి దేశాల్లో నీళ్ల విలువ చూసిన కళ్లు కదా అని నాకనిపిస్తుంది. ఇది నా ఊహ, ఏ కితాబులోనూ రాసి లేదు.

బేగం మదీనా సంగతి ఎత్తింది. హిజ్రత్ చేసి మక్కా నుంచి వచ్చిన ముహాజిర్లకి మదీనాలో మొదటి తక్లీఫ్ తీపి నీళ్లే. రూమా బావి నీళ్లు పైసలిచ్చి కొనుక్కోవాల్సి వచ్చేది. హజ్రత్ ఉస్మాన్ (రజి) ఆ బావి కొని అందరికీ వదిలేశారు. మనిషి పోయినా పుణ్యం ఆగని సదఖా-ఎ-జారియాకి చిన్నప్పుడు మాకందరికీ మదర్సాలో చెప్పిన మిసాల్ అదే. "నీళ్లు ముందు, ఊరు తర్వాత. మీ సుల్తాన్‌లలో ఎంతమందికి తెలుసు?" అని అడిగింది.

తెలియని సుల్తాన్‌ని చూడటానికి మర్నాడు దౌలతాబాద్ వెళ్లాం. 1327లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ ఢిల్లీ నుంచి తఖ్త్‌ని దేవగిరికి మార్చి దౌలతాబాద్ అన్నాడు. సల్తనత్‌కి నడిమధ్య ఉంటుందని, దక్కన్ చేజారదని ఆయన లెక్క. అప్పటికి నాలుగేళ్ల ముందే ఓరుగల్లు కూడా ఢిల్లీ కిందికొచ్చింది. ముందుగా సుల్తాన్ తల్లి మఖ్దూమా-ఎ-జహాన్ పరివారంతో కదిలింది. తర్వాత అమీర్లు, ఆలిములు, సూఫీలు. ఢిల్లీలో కుక్కా పిల్లీ మిగల్లేదని పాతవాళ్లు రాశారు గానీ అది అతిశయోక్తి అని ఇప్పటి చరిత్రకారుల మాట. పెద్ద ఖాందాన్‌లన్నీ కదిలిన మాట మాత్రం నిజం. దారి నలభై రోజులని ఇబ్న్ బతూతా రాశాడు.

ఖిలా మెట్ల దగ్గర కూర్చుని ఇసామీ గురించి చెప్పాను. అప్పుడతనికి పదహారేళ్లు. వెంట తొంభై ఏళ్ల తాత. ఢిల్లీ దాటగానే మొదటి మజిలీ తిల్పత్. అక్కడే తాత ప్రాణం పోయింది. ఆయన్ని అక్కడే దఫన్ చేసి పిల్లవాడు దౌలతాబాద్ చేరాడు. ఇరవై ఏళ్ల పైన గడిచాక, బహమనీ సుల్తాన్ నీడలో కూర్చుని ఫుతూహ్-ఉస్-సలాతీన్ రాశాడు. తుగ్లక్ మీద కోపం దాచుకోలేదు. ఈ భాగం నేను ఇంటి దగ్గర రెండుసార్లు చదివాను. అక్కడ చెబుతుంటే గొంతు పట్టేసింది. తొంభై ఏళ్ల తాత, డెబ్బై దాటిన అమ్మీ. బేగం ఏమీ అనలేదు, నీళ్ల బాటిల్ నా చేతికిచ్చింది.

కొన్నేళ్లకే సుల్తాన్ తిరిగి వెళ్లేవాళ్లు వెళ్లొచ్చన్నాడు. చాలామంది వెళ్లారు. వెళ్లనివాళ్లలోంచే 1347లో బహమనీ సల్తనత్ పుట్టింది. వాళ్లు మోసుకొచ్చిన జబాన్ ఇక్కడి మరాఠీ, తెలుగు, కన్నడలతో కలిసి మా ఇంట్లో మాట్లాడే దక్కనీ అయింది. కిత్తే దినాన్‌కూ అని బేగం అడిగిన ఆ మాట కూడా ఆ కాఫిలాల సొమ్మే. కర్నూలు వాళ్లకి ఇవన్నీ మరీ దూరపు సంగతులు కావు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు మా ఊళ్లో ఆఫీసులు డేరాల్లో నడిచాయి. మూడేళ్లకే మూట కట్టుకుని హైదరాబాద్ వెళ్లిపోయాయి. ఉద్యోగుల భార్యలు తుంగభద్ర నీళ్లని మెచ్చుకున్నారో తిట్టుకున్నారో రాసినవాడు లేడు.

అక్కణ్నుంచి ఖుల్దాబాద్. తుగ్లక్ కాఫిలాలతో వచ్చిన అమీర్ హసన్ సిజ్జీ అక్కడే ఉన్నారు, బుర్హానుద్దీన్ గరీబ్ దర్గా అక్కడే. ఔరంగజేబ్ మజార్ దగ్గర పోలీసులు, సంచుల తనిఖీ. మొదటి ఆసఫ్ జా కూడా ఇక్కడే నిద్రపోతున్నాడు. ఆయన కొడుకు నిజాం అలీ ఖాన్ జమానాలో రాజధాని హైదరాబాద్‌కి మారింది. మున్షీలు, హకీములు, నేతగాళ్లు, బావర్చీలు ఈ దారినే మన వైపు వచ్చారు. మేము ఎదురుదారిన వస్తున్నాం, అంతే తేడా.

మలిక్ అంబర్ గుంబజ్ దగ్గర ఎవరూ లేరు. 1626లో చనిపోయాడు. ఫాతిహా చదివాం. దగ్గర్లోనే ఆయన బీవీ కరీమా సమాధి కూడా ఉంది. "ఈమె గురించి ఏం రాశారు?" అని అడిగింది బేగం. నా మూడు కితాబుల్లో పేరు తప్ప ఏమీ లేదు. ఆమె చెప్పులు విడిచి, దుపట్టా సవరించుకుని, అక్కడ విడిగా ఇంకో ఫాతిహా చదివింది. నాకంటే ఎక్కువసేపే నిలబడింది.

తిరిగొచ్చి నాన్ ఖలియా తిన్నాం. తుగ్లక్ ఫౌజ్ కోసం పుట్టిన వంటకమని ఇక్కడివాళ్లు అంటారు. కారం మా కర్నూలుకి కొంచెం తక్కువే. రైలుకి ఇంకా మూడు గంటలు. బేగం పాత షహర్‌లో ఇంకా చూడని మూడో ఇంటికి వెళ్దామంది. కింది అంతస్తు, రెండు గదులే, వెలుతురు తక్కువ. కానీ ముంగిట్లో సంపు ఉంది, వెనక చేదబావి ఉంది. ఆమె బొక్కెన దించింది. తాడు ఎన్ని మూరలు పోయిందో లెక్కపెట్టుకుంది. నీళ్లు తోడి, చేత్తో నోట్లో పోసుకుని చూసి, ఇంటాయనతో కిరాయి బేరం మొదలుపెట్టింది.

రైల్లో అమ్మీకి ఫోన్ చేసి ఇల్లు కుదిరిందని చెప్పాను. బేగం నా చేతిలోంచి ఫోన్ తీసుకుని, "బావి ఉంది అమ్మీ, మెట్లు లేవు" అంది.